మోకాళ్ల దగ్గర తప్ప మిగతా చోట్ల పొదుపు చేయండి

ప్రశ్న: మాది నల్గొండ. నేను రిటైరైన స్కూల్ టీచర్ని, వయసు 62. మావారికి 67. మా అబ్బాయి జర్మనీలో మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏప్రిల్ 20 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, మే నెలాఖరుకి తిరిగి రావాలని అనుకుంటున్నాం. విమానం టికెట్లు ఇంకా కొనలేదు. మ్యూనిక్ నుంచి బెర్లిన్ చూసి, అక్కణ్ణుంచి హాంబర్గ్‌లో ఉన్న మా చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్లి, మళ్లీ మ్యూనిక్ రావాలి. ఏడేళ్ల మనవడు కూడా మాతో వస్తానంటున్నాడు. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కి మనిషికి 150 యూరోలు దాటిందని అబ్బాయి చెబితే గుండె ఆగినంత పనయింది. అది కూడా ఒక్క వైపే! ఇక్కడ ట్రావెల్ ఏజెంటేమో రైలు పాస్ కొనేయమంటున్నాడు. చివరి నిమిషంలో తత్కాల్ లాంటిది ఏమైనా దొరుకుతుందా? నాకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేను. వాడి మీద భారం వేయకుండా తిరగాలంటే ఏం చేయాలో చెప్పగలరా?

సమాధానం: టీచర్ గారూ, ముందు ఆ 150 యూరోల సంగతి తేల్చేద్దాం. మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మీరు కొనాల్సిన టికెట్ కాదు. బహుశా రెండు మూడు రోజుల్లో బయల్దేరే రైలు ఒకటి చూసి ఆ ధర చెప్పి ఉంటాడు. అదే రైలుకి, అదే సీటుకి, రెండు నెలల ముందు ఒక మంగళవారానికో బుధవారానికో చూస్తే 30, 40 యూరోల దగ్గర తరచూ కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే ఇంకా తక్కువ.

మన రైల్వేలో టికెట్ ధర దాదాపు దూరాన్ని బట్టి, క్లాసుని బట్టి ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి విశాఖకి స్లీపర్ ఎంతో మనకి నోటికి వస్తుంది. జర్మన్ రైల్వే, అంటే డాయిషే బాన్, ధర పెట్టే పద్ధతి వేరు. అక్కడ మనం డబ్బు కట్టేది ఎక్కువగా మనసు మార్చుకునే స్వేచ్ఛకి. ఆ రోజు ఏ రైలైనా ఎక్కుతాను అంటే అది ఫ్లెక్స్‌ప్రైస్, మీ అబ్బాయి చూసినది అదే. ఫలానా రైలే ఎక్కుతాను, కాకపోతే ముందురోజు దాకా రద్దు చేసుకునే వీలు కావాలి అంటే స్పార్‌ప్రైస్. రద్దు చేస్తే 10 యూరోలు కోసుకుంటారు. ఫలానా రైలే ఎక్కుతాను, రద్దు ఊసే ఎత్తను అంటే సూపర్ స్పార్‌ప్రైస్, అన్నిటికన్నా చవక. 20 యూరోల లోపు నుంచే మొదలవుతుంది. ఒక్కో రైలుకి చవక టికెట్లు కొన్నే ఉంటాయి. అవి అయిపోయే కొద్దీ ధర మెట్లెక్కుతుంది.

కాబట్టి తత్కాల్ ఆశ వదిలేయండి. చివరి రోజుల్లో చౌకగా దొరకడం చాలా అరుదు. చాలా నెలల ముందు నుంచే టికెట్లు అమ్ముతారు కాబట్టి వీసా స్టాంపు పడగానే మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. వాళ్ల ఆప్ పేరు డీబీ నావిగేటర్. అందులో ‘బెస్ట్‌ప్రైస్’ అని ఒక వెతుకుడు ఉంది, అది నొక్కితే ఆ రోజంతటిలో ఏ పూట చవకో వరసగా చూపిస్తుంది. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం తర్వాత చూడనే వద్దు. మంగళ, బుధ, గురువారాలు, అందులోనూ తెల్లవారుజామున గానీ మధ్యాహ్నం గానీ చూడండి. మీరిద్దరూ రిటైరయ్యారు. అక్కడ ఆఫీసులకి పరుగెత్తేవాళ్లకి లేని సౌకర్యం మీకు ఇదొక్కటే, వాడుకోండి.

మే నెలలో ఒక చిక్కుంది. ఈస్టర్‌తో కలిపి లెక్కేస్తే 40వ రోజు, గురువారం వచ్చే ఆరోహణ దినం అక్కడ దేశమంతా సెలవు. చాలామంది శుక్రవారం కూడా సెలవు పెట్టి నాలుగు రోజులు కలుపుకుంటారు. ఆ తర్వాత పెంతెకొస్తు సోమవారం మరో సెలవు. మే 1 సరేసరి. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయల్దేరే రైళ్లు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకుని, ఆ వారాంతాల్లో బెర్లిన్, హాంబర్గ్ ప్రయాణం పెట్టుకోకండి.

ఇక మీ ప్రయాణం ఒక్కో ముక్కా చూద్దాం.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక మ్యూనిక్ చేరడానికి ఐసీఈ, అంటే వాళ్ల సూపర్‌ఫాస్ట్ రైల్లో మూడున్నర గంటలు. విమానాశ్రయం పక్కనే దూరప్రయాణపు రైళ్ల స్టేషన్ ఉంది, ఒకటో టెర్మినల్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చవక అని ఆ రోజు ఉదయం రైలుకి సూపర్ స్పార్‌ప్రైస్ ముందే కొనేయడం. విమానం రెండు గంటలు ఆలస్యమైందా, ఆ టికెట్ కాగితంతో సమానం. విమానం ఆలస్యానికి రైల్వేకి ఏ సంబంధమూ లేదు. అందుకే విమానం టికెట్ కొనేటప్పుడే మీ ఏజెంటుని రెండు మాటలు అడగండి. ‘రైల్ అండ్ ఫ్లై’ ఉందా? ‘ఎక్స్‌ప్రెస్ రైల్’ ఉందా? మొదటిది చాలా విమాన సంస్థలు ఇస్తాయి. దాంతో జర్మనీలో ఏ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు, ఫలానా రైలే అన్న నిబంధన ఉండదు. రెండోది లుఫ్తాన్సా వాళ్లది. రైలునే ఒక విమానంలా లెక్కేసి మీ టికెట్లో కలిపేస్తారు, విమానం ఆలస్యమైతే తర్వాతి రైల్లో ఎక్కించే పూచీ వాళ్లదే. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ నడుపుతోంది కాబట్టి మీకు ఇది పనికొచ్చే మాట. ఒక్కోసారి హైదరాబాద్–మ్యూనిక్ అని రైలు కలిపి కొన్న టికెట్, ఫ్రాంక్‌ఫర్ట్ దాకా కొన్నదానికి పెద్ద తేడా ఉండదు. తిరుగు ప్రయాణానికీ ఇదే వర్తిస్తుంది. ఈ రెండూ కుదరకపోతే, విమానం దిగే సమయానికి కనీసం మూడు గంటల తర్వాతి రైలుకి, రద్దు చేసుకోగలిగే స్పార్‌ప్రైస్ కొనండి. ఇమిగ్రేషన్ వరస, బెల్టు మీద మీ ఆవకాయ సూట్‌కేసు రావడం, అన్నీ కలిపి మూడు గంటలు ఎక్కువేమీ కాదు.

మ్యూనిక్ నుంచి బెర్లిన్ 600 కిలోమీటర్ల పైన. 2017 డిసెంబర్‌లో కొత్త లైన్ పూర్తయ్యాక వేగంగా వెళ్లే రైళ్లు నాలుగు గంటల్లోపే చేరుస్తున్నాయి, మామూలు ఐసీఈకి నాలుగున్నర పడుతుంది. ఆ అరగంట మీకు లెక్క కాదు కాబట్టి, రెండిట్లో చవకైనది తీసుకోండి. ఒక్కటే చూడండి, మధ్యలో రైలు మారే పని లేకుండా నేరుగా వెళ్లేదై ఉండాలి. ఆప్‌లో ‘నేరుగా వెళ్లేవి మాత్రమే’ అని పెట్టుకునే వీలుంది. మారే రైలు ఆరేడు యూరోలు తక్కువకి కనిపిస్తుంది, మీ అబ్బాయి దాని మీదకి పోతాడు. ఒప్పుకోకండి. మోకాళ్ల నొప్పితో, పెట్టెలతో, ఎనిమిది నిమిషాల్లో ఒకటో ప్లాట్‌ఫారం నుంచి తొమ్మిదో ప్లాట్‌ఫారానికి చేరాలి. లిఫ్ట్ పనిచేయకపోతే మెట్లే.

మీవారికి 65 దాటాయి కాబట్టి ‘సూపర్ స్పార్‌ప్రైస్ సీనియర్’ అనేది ఆయనకి వర్తిస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక ధర, ఆయనకి విడిగా మీకు విడిగా ఒక ధర, రెండూ వేసి చూడమనండి. మనవడికి ఏడేళ్లు కదా, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లతో వెళ్తే టికెట్ డబ్బు లేదు. కానీ టికెట్ కొనేటప్పుడే పిల్లవాడు కూడా ఉన్నాడని అందులో చేర్చాలి. ఊరికేనే కదా అని చేర్చకపోతే రైల్లో టీసీ దగ్గర చిక్కు.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. ఇది తెలియక చాలామంది తల్లిదండ్రులు కంగారు పడ్డారు. కొడుకు తన ఖాతాలోంచి కొంటాడు, ప్రయాణికుడి పేరు దగ్గర అలవాటుగా తన పేరే పడిపోతుంది. రైల్లో టీసీ వచ్చి టికెట్ మీది కోడ్ స్కాన్ చేసి పాస్‌పోర్టు అడుగుతుంది. టికెట్ మీద ఉన్న మనిషేమో మ్యూనిక్‌లో ఆఫీసులో ఉంటాడు. ఆ పేరు ప్రయాణం చేసేవాళ్లలో ఒకరిది అయి ఉండాలి. మీ పేరో మీవారి పేరో, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ఏది అసలు పేరు ఏది అన్న గందరగోళం లేకుండా వేయించండి.

బెర్లిన్ నుంచి హాంబర్గ్ మామూలుగా రెండు గంటల లోపే. ఫ్లిక్స్‌ట్రెయిన్ అని పచ్చరంగు రైళ్లు కూడా ఈ దారిలో నడుస్తాయి, ప్రైవేటువి, చాలా చవక. కాస్త రద్దీగా ఉంటాయి, సౌకర్యాలు తక్కువ. అంత చిన్న ప్రయాణానికి అది తప్పేమీ కాదు. ఈ లైను మాత్రం 2025 ఆగస్టులో మొత్తం మూసి నెలల తరబడి బాగుచేశారు, రైళ్లని చుట్టూ తిప్పి పంపారు. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్–మన్‌హైమ్ మధ్య లైనుని కూడా ఇలాగే ఐదు నెలలు మూశారు. ఏళ్లుగా వాయిదా పడ్డ మరమ్మతులు ఒక్కో లైనునీ మూసి పూర్తిచేస్తున్నారు. మీరు కొనే రోజుకి ఏ లైను మూసి ఉందో ఆప్‌లో ప్రయాణ సమయం చూస్తే తెలిసిపోతుంది. రెండు గంటల లోపు ఉండాల్సింది మూడు చూపిస్తే అదే కారణం.

హాంబర్గ్ నుంచి మ్యూనిక్ ఆరు గంటల చుట్టూ పడుతుంది. రాత్రి రైలెక్కి పడుకుని తెల్లారేసరికి దిగిపోదాం అన్నది మన మనిషికి వచ్చే మొదటి ఆలోచన. గోదావరి ఎక్స్‌ప్రెస్ అలవాటు. జర్మన్ రైల్వే తన సొంత స్లీపర్ రైళ్లని 2016 డిసెంబర్‌లో ఆపేసింది. ఇప్పుడున్నవి ఎక్కువగా ఆస్ట్రియా రైల్వే వాళ్ల నైట్‌జెట్ రైళ్లు, వాటిలో బెర్త్ పగటి టికెట్ కన్నా ఖరీదు. హోటల్ ఖర్చు మిగిలేవాళ్లకి లాభం. మీరు వెళ్లేది కూతురి వరసైన అమ్మాయి ఇంటికి, వచ్చేది కొడుకు ఇంటికి. మీకు హోటలే లేదు, ఇక మిగిలేదేముంది? పగలే రండి.

ముక్కలుగా టికెట్లు కొంటే చవక అని ఎవరో ఒకరు మీ అబ్బాయికి చెప్పే ఉంటారు. నిజమే, ఒక్కోసారి మూడు టికెట్లుగా విడగొడితే మొత్తం తగ్గుతుంది. చదువుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. 12 యూరోలు మిగిలాయని మురిసిపోయాను. మొదటి బండి పాతిక నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, రెండోది నా కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాతి రైల్లో టీసీ నా రెండో టికెట్ చూసి తల అడ్డంగా ఊపింది. రెండూ వేర్వేరు ఒప్పందాలు, మొదటి రైలు ఆలస్యానికి రెండో టికెట్‌తో సంబంధం లేదు అని ఓపిగ్గా వివరించి, కొత్త టికెట్ రాసింది. ఆ పూట పోయిన డబ్బుతో నెల బియ్యం వచ్చేవి. తప్పు నాదే. ఒకే టికెట్ మీద మొదటి నుంచి చివరిదాకా వెళ్తే, దారిలో ఆలస్యమై కలవాల్సిన రైలు తప్పిపోయినా వేరే రైలు ఎక్కే హక్కు ఉంటుంది. ముక్కలు చేస్తే ఆ హక్కు పోతుంది. కుర్రాళ్లకి సరదా, మీకు టెన్షన్.

పాస్ విషయం. మీ ఏజెంటు చెప్పేది జర్మన్ రైల్ పాస్ గానీ యూరైల్ గానీ అయి ఉంటుంది. అవి ఐరోపా బయట ఉండేవాళ్ల కోసం, అంటే మీకు ఇస్తారు, మీ అబ్బాయికి ఇవ్వరు. మోసం కాదు, మంచి సరుకే. రోజుకో ఊరు, పొద్దున లేచి ఎటు వెళ్దామా అని అప్పుడు అనుకునేవాళ్లకి బాగుంటుంది. మీకున్న దూరప్రయాణాలు మహా అయితే ఐదు, విమానం టికెట్లో రైలు కలిస్తే మూడే. పాస్ ధరని ఆ రోజుల సంఖ్యతో భాగించండి, లెక్కల టీచరో కాదో గానీ ఆ మాత్రం భాగహారం మీకు కష్టం కాదు. వచ్చిన అంకెని బెస్ట్‌ప్రైస్‌లో కనిపించే ధర పక్కన పెట్టండి. తేదీలు ముందే తెలిసినవాళ్లకి పాస్ గెలవడం నేను పెద్దగా చూడలేదు. పాస్‌లో సీటు రిజర్వేషన్ ఉండదన్న సంగతి కూడా ఏజెంట్లు సాధారణంగా చెప్పరు.

బాన్‌కార్డ్ అని ఇంకొకటి వింటారు. బాన్‌కార్డ్ 25 ఉంటే చవక టికెట్ల మీద కూడా పావు వంతు తగ్గుతుంది. ఏడాది కార్డు మామూలు ధర 60 యూరోల పైన, అంటే 250 యూరోల టికెట్లు కొంటే గానీ కార్డు డబ్బు తిరిగి రాదు. మీ ఒక్కరి టికెట్లు అంత కావు. కానీ మూడు నెలలకి ‘ప్రోబె బాన్‌కార్డ్’ అని ఉంది, సుమారు 20 యూరోలు. 80 యూరోల టికెట్లు కొంటే దాని ఖర్చు వచ్చేస్తుంది, ఆ పైన అంతా లాభం. మూడు దూరప్రయాణాలకి మనిషికి 120 యూరోలు అవుతాయనుకుంటే మిగిలేది 10 యూరోలు. మహా సంపదేమీ కాదు, ఇద్దరికీ కలిపి హాంబర్గ్ రేవులో ఒక పడవ షికారు డబ్బులు. ఒక మెలిక ఉంది. ఈ కార్డు వేళకి రద్దు చేయకపోతే తనంతట తనే ఏడాది కార్డుగా మారిపోతుంది. మీరు నల్గొండలో వడియాలు పెట్టుకుంటూ ఉంటారు, అక్కడ మీ అబ్బాయి ఖాతాలోంచి 60 చిల్లర యూరోలు పోతాయి, ఇద్దరివీ. కొన్న రోజే రద్దు లేఖ కూడా పంపేయొచ్చు, మూడు నెలలూ కార్డు పనిచేస్తూనే ఉంటుంది. ఆ పని ఆ రోజే చేయించలేకపోతే కార్డు జోలికే వెళ్లకండి.

ఇంత చెప్పాక, మీకు నిజంగా డబ్బు మిగిల్చేది వేరే ఉంది. దాని పేరు డాయిష్‌లాండ్ టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. నెలంతా, దేశమంతటా, సిటీ బస్సు, ట్రామ్, మెట్రో, లోకల్ రైలు, ప్రాంతీయ ఎక్స్‌ప్రెస్ అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణపు రైళ్లు మాత్రం ఎక్కకూడదు. మన భాషలో చెప్పాలంటే ప్యాసింజర్లు అన్నీ ఉచితం, సూపర్‌ఫాస్ట్ కుదరదు. అయితే ఈ ప్యాసింజర్లని తక్కువ అంచనా వేయకండి. మ్యూనిక్ నుంచి నూరెంబర్గ్ వెళ్లే ప్రాంతీయ ఎక్స్‌ప్రెస్ ఐసీఈలు నడిచే పట్టాల మీదే గంటకి 200 కిలోమీటర్లకి దగ్గరి వేగంతో వెళ్తుంది.

దీంతోనే బెర్లిన్ దాకా వెళ్లొచ్చా అని అడుగుతారని తెలుసు. వెళ్లొచ్చు. తొమ్మిది పది గంటలు, మూడు నాలుగు చోట్ల రైలు మారాలి. మాగ్డెబర్గ్‌లోనో కెమ్నిట్జ్‌లోనో చదువుకునే మన పిల్లలు వీపున బ్యాగు వేసుకుని, డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని ఇలాగే దేశమంతా తిరుగుతారు. వాళ్లకి విద్యార్థి టికెట్ 37.80 యూరోలకే వస్తుంది. అది వాళ్ల వయసు. మీరు దీన్ని మ్యూనిక్ చుట్టుపక్కల వాడండి. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూడాలంటే ఫ్యూసెన్ దాకా రెండు గంటల ప్రాంతీయ రైలు, అక్కణ్ణుంచి బస్సు, అన్నీ ఇందులోనే. మంచుకొండల కోసం గార్మిష్. ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా ఈ టికెట్ చెల్లుతుంది, పాస్‌పోర్టు మాత్రం సంచిలో పెట్టుకోండి, సరిహద్దులో పోలీసులు రైలెక్కి చూస్తారు. బెర్లిన్, హాంబర్గ్‌లలో ఊళ్లో తిరగడానికి రోజు టికెట్లు కొనే పని కూడా తప్పుతుంది.

ఇక్కడ తేదీలతో ఒక లెక్క ఉంది. ఈ టికెట్ క్యాలెండర్ నెలకి, ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా. ఏప్రిల్ 20న దిగి అదే రోజు తీసుకున్నా నెల మొత్తానికే కట్టాలని చాలా చోట్ల అడుగుతారు. కాబట్టి ఏప్రిల్లో ఆ పది రోజులూ ఇంట్లోనే ఉండండి. మనవడికి కథలు చెప్పండి, విమానం బడలిక తీర్చుకోండి, అవసరమైతే ఊళ్లో విడి టికెట్లు కొనండి. తిరుగుళ్లన్నీ మే 1 తర్వాత పెట్టుకోండి, ఒక్క నెల టికెట్‌తో సరిపోతుంది. విమానం టికెట్ ఎలాగూ కొనలేదు కాబట్టి, ఏప్రిల్ 28కి జరిపితే ఇంకా మేలు. ఇది కూడా చందా పద్ధతే. ఆ నెల 10వ తారీఖు లోగా రద్దు చేస్తే నెలాఖరుకి ఆగుతుంది. మే 10 దాటితే జూన్ డబ్బులు కూడా కట్టాలి. ఒకరి టికెట్ మీద ఇంకొకరు ఎక్కకూడదు, ఇద్దరికీ రెండు కావాలి.

ఇప్పుడు మోకాళ్ల సంగతి. మీరు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ.

జర్మనీలో టికెట్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. మన దగ్గర వెయిటింగ్ లిస్ట్, ఆర్‌ఏసీ ఉన్నాయి, రిజర్వేషన్ లేనిదే రాత్రి ప్రయాణం ఊహించం. అక్కడ ఎన్ని సీట్లున్నాయన్న లెక్కతో పనిలేకుండా టికెట్ అమ్ముతారు, సీటు కావాలంటే విడిగా ఐదు యూరోల చిల్లర కట్టాలి. మంగళవారం రైల్లో సీటు ఖాళీగానే ఉంటుందని మీ అబ్బాయి అంటాడు, పదింట ఎనిమిదిసార్లు నిజం కూడా. ముందు వెళ్లాల్సిన రైలు రద్దయి, ఆ జనమంతా మీ రైలెక్కిన రోజున నాలుగున్నర గంటలు తలుపు దగ్గర సూట్‌కేసు మీద కూర్చోవాల్సి వస్తుంది. ఇద్దరికీ, మనవడికీ సీట్లు కొనండి. టేబుల్ ఉన్న చోటు తీసుకుంటే కాళ్లు చాపుకోవచ్చు, పిల్లవాడు బొమ్మలు గీసుకుంటాడు. ‘రూఎ’ అని రాసి ఉన్న బోగీ మౌనంగా కూర్చునేవాళ్లది, అది మాత్రం వద్దు. చెల్లెలు వీడియో కాల్ చేస్తే అందరూ తిరిగి చూస్తారు.

స్టేషన్‌లో ఇలా జరుగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ, డీ అని బోర్డులు ఉంటాయి, మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో పైన తెర మీద బొమ్మ వస్తుంది. మీరు సరిగ్గా అక్కడే బెంచీ మీద కూర్చుంటారు. రైలు రావడానికి మూడు నిమిషాల ముందు మైకులో ఏదో అంటారు, ఒక్కసారిగా ప్లాట్‌ఫారం మీద జనం అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు నడవడం మొదలుపెడతారు. బోగీల వరస తిరగబడిందని అర్థం. ముందుండాల్సిన బోగీ వెనక వస్తోందన్నమాట. పరుగెత్తకండి. ఎదురుగా ఆగిన తలుపులో ఎక్కేయండి, లోపలి నుంచి మెల్లగా నడిచి మీ సీటుకి చేరుకోవచ్చు. ఒక్కోసారి రెండు రైళ్లు జోడించి నడుపుతారు, వాటి మధ్య లోపల దారి ఉండదు. అందుకే ఎక్కేముందు బోగీ మీద రైలు నంబరు ఒకసారి చూసుకోండి.

పోర్టర్లు ఉండరు. ఒక్కొక్కరికీ ఒక చక్రాల పెట్టె, ఒక చేతిసంచి, అంతకు మించి బెర్లిన్ తీసుకెళ్లకండి. పెద్ద పెట్టెలు కొడుకు ఇంట్లో వదిలేయండి. నడవలేనివాళ్లకి ఎక్కడానికి దిగడానికి సాయం చేసే ఏర్పాటు రైల్వేకి ఉంది, డబ్బు తీసుకోరు, ముందురోజే ఫోన్‌లోనో వెబ్‌సైట్‌లోనో చెప్పిపెట్టుకోవాలి. మొహమాటపడకండి.

ఆలస్యాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. జర్మనీ అంటే గడియారం అని మనకో నమ్మకం. 2024లో ఆ దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయంగానే లెక్కేసుకుంటే. అందుకే తెలుసుకోవాల్సిన హక్కులు రెండు. గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుందని తేలితే, మీ చవక టికెట్ మీదున్న ‘ఈ రైలే’ అన్న కట్టుబాటు తొలగిపోతుంది, వేరే రైలు ఎక్కేయొచ్చు. గంట ఆలస్యంగా చేరితే టికెట్ డబ్బులో పావు వంతు, రెండు గంటలైతే సగం తిరిగి ఇస్తారు. మూడు నెలల్లోపు అడగాలి, ఆప్‌లోనే అడగొచ్చు. పరిహారం 4 యూరోల కన్నా తక్కువైతే ఇవ్వరు. మీరు తిరిగొచ్చేశాక ఈ పని ఎవరూ చేయరు, కాబట్టి రైలు దిగిన సాయంత్రమే అబ్బాయి చేత చేయించండి.

చిల్లర ఖర్చుల్లో రెండే చెబుతాను. పెద్ద స్టేషన్లలో బాత్రూముకి ఒక యూరో తీసుకుంటారు, రైల్లో ఉచితం. దిగే ముందు వెళ్లి రండి. నీళ్ల సీసా కొంటే ధరతోపాటు 25 సెంట్ల పూచీ డబ్బు కలుపుతారు, ఖాళీ సీసా సూపర్ మార్కెట్ యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు, ఇంటి నుంచే నింపుకుని వెళ్లండి. భోజనం కట్టుకెళ్లడానికి అభ్యంతరం లేదు, పులిహోర ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఎండుచేపల వేపుడు మాత్రం మూసేసిన ఏసీ బోగీలో మూత తీయకండి.

మీ అబ్బాయి గోడ క్యాలెండర్‌లో మూడు తేదీలు రాసి పెట్టమనండి. వీసా వచ్చిన మర్నాడు రైలు టికెట్లు, కొన్న రోజే బాన్‌కార్డ్ రద్దు, మే 10 లోపు డాయిష్‌లాండ్ టికెట్ రద్దు. మూడోది మీరే గుర్తుచేయాలి, కొడుకుల సంగతి తెలిసిందే.